మన ఊళ్ల పేజీలు నలుగురు కలిసి దిద్దాలంటే

ప్రశ్న: మేం నలుగురం ఫ్రెండ్స్, ఒకే మండలం వాళ్లం, ఇప్పుడు తలో చోట ఉద్యోగాలు. తెలుగు వికీపీడియాలో మా వైపు ఊళ్ల పేజీలు చూస్తే ఒక చోట పల్నాడు జిల్లా అని, ఇంకో చోట గుంటూరు జిల్లా అని ఉంది. ఆదివారాలు కూర్చుని అన్నీ మార్చేద్దాం అనుకుంటున్నాం. పెద్దవాళ్లు చెప్పిన ఊరి కథలు కూడా రాసెయ్యొచ్చా?

జవాబు: తప్పకుండా చేయండి, కానీ గుంటూరు కనిపించిన ప్రతిచోటా కొట్టేసి పల్నాడు పెట్టేయకండి. ఊళ్ల పేజీల్లో జనాభా, ఇళ్లు, బడులు లాంటి లెక్కలు ఎక్కువగా 2011 జనాభా లెక్కల నుంచి వచ్చినవే, ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయి, గుంటూరు నుంచి పల్నాడు విడిగా వచ్చింది మాత్రం 2022 ఏప్రిల్ 4న, అంటే 2011 నాటి సంగతి చెప్పే వాక్యంలో గుంటూరు ఉండటమే కరెక్టు. పేజీ మొదటి వాక్యంలో, పక్కనుండే సమాచారపెట్టెలో మాత్రం పల్నాడు రావాలి. తెలంగాణ ఊళ్లకీ ఇదే జాగ్రత్త, అక్కడ 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33, చాలా ఊళ్లకి మండలం కూడా మారింది.

ఇంకోటి, నలుగురున్నారు కదా అని ఊళ్లు పంచుకోకండి, పని పంచుకోండి. ఒకరు జిల్లా, మండలం సరిచూస్తే ఒకరు మూలాలు వెతకొచ్చు, ఒకరు ఫొటోలు, ఇంకొకరు మిగతా ముగ్గురూ రాసింది చదివి దిద్దడం. ఊళ్లు పంచుకుంటే ఎవరి ఊరిని వాళ్లు పొగుడుకోవడం మొదలవుతుంది. ఖాతా మాత్రం ఎవరిది వాళ్లకి ఉండాలి, ఒకే ఖాతాతో నలుగురు రాయకూడదు. ఫలానా మండలం మీద పనిచేస్తున్నాం అని రచ్చబండలో (తెలుగు వికీపీడియాలో అందరూ మాట్లాడుకునే పేజీ) ఒక ముక్క రాయండి, తేడా వస్తే వాట్సాప్‌లో కాకుండా ఆ వ్యాసం చర్చ పేజీలోనే తేల్చుకోండి, రేపు వచ్చేవాళ్లకి ఎందుకలా మార్చారో తెలుస్తుంది.

పెద్దవాళ్ల కథలు ఉన్నవి ఉన్నట్టు పెట్టడం కుదరదు, అచ్చయిన ఆధారం కావాలి. నాకూ ఇది కష్టంగానే ఉంటుంది, ఊరి గురించి మనకి తెలిసింది సగం నోటి మాటే కదా. అయినా ఆ కథే మీకు దారి చూపిస్తుంది. గుడి ఫలానా రాజు కట్టించాడని తాత చెప్తే అక్కడ శాసనం ఉందేమో చూడండి, ఉంటే శాసన సంపుటాల్లో అచ్చయ్యుండొచ్చు. రెండొందల ఏళ్ల కిందట కాలిన్ మెకంజీ అనే ఇంగ్లీషు కంపెనీ అధికారి సేకరించిన గ్రామ కైఫియత్తులు, అంటే ఊళ్ల వాళ్లు చెప్పగా రాసుకున్న ఊరి చరిత్రలు, గుంటూరు వైపువి పుస్తకాలుగా వచ్చాయి, వాటిలో మీ ఊరుందేమో వెతకండి. దొరికినా అదే చరిత్ర అన్నట్టు కాకుండా "కైఫియత్తు ప్రకారం" అని రాయండి, సొంత మాటల్లో.

ఫొటోలు మాత్రం మీరు తీసినవే కామన్స్‌లో (వికీపీడియా ఫొటోలు దాచే సైటు) ఎక్కించండి, మీ పేరు చెప్పి ఎవరైనా వాడుకునేలా లైసెన్సు ఇవ్వాల్సి ఉంటుంది. శాసనం రాయిని పొద్దున్నే ఏటవాలు ఎండలో తీస్తే అక్షరాలు బాగా తేలతాయి, సున్నం కొట్టేసి ఉంటే మాత్రం గీకకండి.