టెక్సాస్‌లో ఇల్లు కొంటున్న మా అబ్బాయికి

చిరంజీవి అబ్బాయికి, పెదనాన్న ఆశీస్సులు.

డాలస్ దగ్గర ఫ్రిస్కోలో మీరు చూసుకున్న ఇంటికి అమ్మకందారు మీ ఆఫర్ ఒప్పుకున్నారని మీ నాన్న ఫోన్‌లో చెప్పినప్పుడు నాకు ఎంతో సంతోషం కలిగింది. ఆ సంతోషంలోనే గృహప్రవేశానికి ముహూర్తం కూడా చూడమన్నాడు. ఆ సంగతి చివర రాస్తాను. ప్రస్తుతం నీ చేతిలో ఉన్నది సంతకాలైన ఒప్పందమే కానీ ఇల్లు కాదు. లోనుతో కొనేవాళ్లకు ఇక్కడి నుంచి క్లోజింగ్ దాకా, అంటే చివరి సంతకాలు చేసి డబ్బు చెల్లించి ఇల్లు నీ పేరు మీదకు వచ్చే రోజు దాకా, మామూలుగా 30 నుంచి 45 రోజులు పడుతుంది. ఈ రోజుల్లో నీకున్న దాదాపు ప్రతి హక్కుకూ ఒక గడువు ఉంటుంది, గడువు దాటితే ఆ హక్కు పోతుంది. కనుక ఒప్పందం మరొక్కసారి నిదానంగా చదివి, తేదీలన్నీ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించు.

అన్నింటికన్నా ముందు వచ్చేది డబ్బు గడువు. ఒప్పందం అమల్లోకి వచ్చిన 3 రోజుల్లోగా ఎర్నెస్ట్ మనీ (బయానా లాంటిది), ఆప్షన్ ఫీజు (కొన్ని రోజులపాటు తప్పుకునే హక్కు కోసం కట్టేది) రెండూ టైటిల్ కంపెనీకి, అంటే యాజమాన్య హక్కులు వెతికి చూసి డబ్బు, కాగితాల లావాదేవీ నడిపే సంస్థకు, చేరాలి. ఎర్నెస్ట్ మనీ తరచుగా ధరలో 1 శాతం వరకు ఉంటుంది, ఆప్షన్ ఫీజు కొన్ని వందల డాలర్లే. అయినా నిన్ను కాపాడేది ఆ చిన్న మొత్తమే. ఆ హక్కు ఉండే రోజుల్ని ఆప్షన్ పీరియడ్ అంటారు. అది ముగిసేలోగా ఏ కారణమూ చెప్పకుండా తప్పుకొని ఎర్నెస్ట్ మనీ వెనక్కి తీసుకోవచ్చు, ఆప్షన్ ఫీజు మాత్రం తిరిగి రాదు. ఆ ఫీజు సకాలంలో చేరకపోతే తప్పుకునే హక్కే ఉండదు. చివరి రోజు సాయంత్రం 5 గంటలకు పీరియడ్ ముగుస్తుంది, ఆ రోజు ఆదివారమైనా గడువు సోమవారానికి జరగదు.

ఈ కొద్ది రోజుల్లోనే ఇన్‌స్పెక్షన్ పూర్తి కావాలి, నీ శ్రద్ధలో సగం ఇక్కడే పెట్టమని నా సలహా. లైసెన్సు ఉన్న ఇన్‌స్పెక్టర్‌ను నువ్వే వెతికి పెట్టుకో, అతను పని చేస్తున్నంతసేపూ వెంట ఉండు. డాలస్ చుట్టుపక్కల నేల మన పల్నాడు నల్లరేగడి లాంటిదే, వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది, దాని మీద ఉన్న కాంక్రీటు పునాది కూడా దానితోపాటే కదులుతుంది. తలుపు మూలల నుంచి ఏటవాలుగా పైకి పాకిన పగుళ్లు, బయటి ఇటుక గోడలో ఇటుకల మధ్య మెట్లు మెట్లుగా విడిపోయిన సిమెంటు అతుకులు, చౌకట్టులో పట్టేస్తున్న తలుపులు కనిపిస్తే ఇన్‌స్పెక్టర్ మాటతో సరిపెట్టుకోకుండా స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించి చూపించు. రంగు కొత్తగా వేసిన గోడల దగ్గర మరికొంచెం సేపు నిలబడి చూడాలి. వడగళ్ల దెబ్బ తిన్న పైకప్పు, ఏసీ వయసు, చెదలు, పాత ఇల్లయితే భూమిలోపలి డ్రైనేజీ పైపు, ఇవీ తప్పక చూడవలసినవే. రిపోర్టులో పదుల కొద్దీ లోపాలు కనిపిస్తాయి, వాటిని చూసి బెంబేలు పడవద్దు. స్విచ్చు కవరు పగిలిందనీ, కుళాయి కారుతోందనీ బేరం ఆడితే అసలు బేరం చెడుతుంది. పునాది, పైకప్పు, ఏసీ, కరెంటు, నీటి పైపులు, వీటి మీదే పట్టుబట్టు. అమ్మేవాళ్లు హడావిడిగా చేయించే మరమ్మతుల కన్నా ధర తగ్గించుకోవడమే మంచిదని నా అభిప్రాయం. ఏది కుదిరినా అది ఆప్షన్ పీరియడ్ ముగిసేలోగా ఇరుపక్షాల సంతకాలతో కాగితం మీదకు రావాలి, రియల్టర్ ఫోన్‌లో ఇచ్చిన భరోసా చెల్లదు.

ఇక లోను. బ్యాంకు ముందుగా ఇచ్చిన ప్రీ అప్రూవల్ ఉందని ధీమాగా ఉండకు. అసలు పరిశీలన, లోను ఇవ్వాలా వద్దా అని తేల్చే బ్యాంకు అధికారి అయిన అండర్‌రైటర్ ఇప్పుడు మొదలుపెడతాడు. తాళం చెవులు చేతికొచ్చే దాకా కొత్త కారు, కొత్త క్రెడిట్ కార్డు, వాయిదాల మీద సోఫాసెట్టు, ఉద్యోగం మారడం, ఏదీ వద్దు. ఖాతాలో పడిన ప్రతి పెద్ద మొత్తానికీ మూలం చూపించాలి. మీ నాన్న ఇండియా నుంచి పంపే డబ్బుకు గిఫ్ట్ లెటరు, ఆయన బ్యాంకు స్టేట్‌మెంటు, పంపిన రసీదు సిద్ధంగా ఉంచు. స్థలం అమ్మిన సొమ్మయితే ఆ దస్తావేజు కాపీ, దాని ఇంగ్లీషు అనువాదం కూడా లోనిచ్చే బ్యాంకు అడగవచ్చు. ఇండియా బ్యాంకులో పని తెమలడానికి సమయం పడుతుంది కాబట్టి డబ్బు ఈ వారమే కదలాలి. ఒక ఏడాదిలో విదేశంలో ఉన్నవారి నుంచి వచ్చిన బహుమతి లక్ష డాలర్లు దాటితే దానిపై నీకు పన్ను ఉండదు కానీ, ఐఆర్ఎస్‌కు (అమెరికా ఆదాయపు పన్ను శాఖకు) ఫారం 3520 తప్పక పంపాలి.

అప్రైజల్‌లో, అంటే బ్యాంకు కట్టించే విలువలో, ఇంటి విలువ నువ్వు ఒప్పుకున్న ధర కన్నా తక్కువ వస్తే, తేడా చేతి నుంచి పెట్టుకోవడమా, ధర తగ్గించమనడమా, తప్పుకోవడమా అన్నది నీ ఒప్పందంలోని లోను షరతులను బట్టి ఉంటుంది. అవి ఇప్పుడే చదివి ఉంచుకో.

మన దగ్గర ఈసీ (ఆస్తి మీద ఉన్న అప్పులు, లావాదేవీల పత్రం) తీయించి, లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపించి, సబ్ రిజిస్ట్రార్ ముందు కూర్చుని వేలిముద్రలు వేస్తాం. ఇక్కడ ఆ వెతుకులాట టైటిల్ కంపెనీ చేసి, ఏ షరతుల మీద టైటిల్ ఇన్సూరెన్స్ (యాజమాన్య హక్కులో లోపాలు బయటపడితే ఆదుకునే బీమా) ఇస్తుందో చెప్పే కమిట్‌మెంట్ అనే పత్రం పంపుతుంది. టైటిల్ ఇన్సూరెన్స్ ప్రీమియం టెక్సాస్‌లో ప్రభుత్వమే నిర్ణయిస్తుంది కనుక దాని కోసం నాలుగు కంపెనీలు తిరగనక్కరలేదు. ఆ కమిట్‌మెంట్‌లో షెడ్యూల్ బి (బీమా వర్తించనివి), సి (క్లోజింగ్‌కు ముందు తేల్చవలసినవి) పేజీలు చదువు, అర్థం కానివి అడుగు, అభ్యంతరం చెప్పడానికి కూడా గడువు ఉంటుంది. ఇంటి బీమా తీసుకునేటప్పుడు వడగళ్ల నష్టానికి డిడక్టిబుల్, అంటే నష్టంలో ముందు నువ్వు భరించవలసిన భాగం, ఎన్ని శాతమో చూడు. బీమా మొత్తం 4 లక్షల డాలర్లు, డిడక్టిబుల్ 2 శాతం అయితే, కప్పు పోయిన రోజు మొదటి 8 వేల డాలర్లు నీవే.

క్లోజింగ్‌కు కనీసం 3 పనిదినాల ముందు లోను షరతులు, ఖర్చులు అన్నీ ఖరారుగా చూపే క్లోజింగ్ డిస్‌క్లోజర్ వస్తుంది. దాన్ని లోనుకు దరఖాస్తు చేసినప్పుడు ఇచ్చిన ఖర్చుల అంచనా పత్రం, లోన్ ఎస్టిమేట్, పక్కన పెట్టుకుని వరుసగా సరిచూడు. డబ్బు వైర్ చేసే (బ్యాంకు నుంచి నేరుగా పంపే) రోజు మాత్రం నువ్వు ఎవరినీ నమ్మవద్దు. టైటిల్ కంపెనీ పేరుతో ఖాతా నంబరు మారిందని దొంగ ఈమెయిళ్లు వస్తాయి, పంపిన డబ్బు తిరిగి రావడం చాలా కష్టం. నీకు ముందే తెలిసిన నంబరుకు ఫోన్ చేసి, ఖాతా వివరాలు నోటితో చెప్పించుకుని పంపు.

ముహూర్తం విషయానికి వస్తే, క్లోజింగ్ రోజునే గృహప్రవేశం పెట్టుకోవద్దు. అండర్‌రైటర్ ఒక్క కాగితం అడిగినా తేదీ జరుగుతుంది, సంతకాలయ్యాక కూడా బ్యాంకు డబ్బు చేరిందని నిర్ధారణ అయితేనే తాళాలు ఇస్తారు. కనీసం వారం, పది రోజులు వదిలి, ఆషాఢం అడ్డురాకుండా రెండు తేదీలు చూసి పంపుతాను. క్లోజింగ్‌కు ముందు ఇల్లు మరోసారి తిరిగి చూసే అవకాశం ఉంటుంది, ఒప్పుకున్న మరమ్మతుల రసీదులు చేతిలో పెట్టుకుని ప్రతి కుళాయీ తిప్పి చూడు.

ఇంట్లో దిగాక తాళాలు మార్పించు. సొంతంగా నివసించే ఇంటికి ఆస్తి పన్ను తగ్గించే హోమ్‌స్టెడ్ మినహాయింపుకు, పన్ను కోసం ఇళ్ల విలువ కట్టే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్టు కార్యాలయంలో దరఖాస్తు చేయి. అది ఉచితమే, అందుకు రుసుము అడుగుతూ వచ్చే ఉత్తరాలను పట్టించుకోకు. క్లోజింగ్ డిస్‌క్లోజర్ రాగానే నాకు కూడా ఒక కాపీ పంపు, ఇద్దరం కలిసి చూద్దాం.

ఇట్లు,
పెదనాన్న