ముదిరిన ఆకును తిప్పి, కాడ ఎక్కడ కలిసిందో చూడండి

పేరు తెలియకుండా మీ చేతికి వచ్చిన ఆ పెద్ద ఆకుల మొక్క చేమా, చేమను పోలిన అలంకరణ మొక్క అలొకేసియానా అనీ, చెట్టు నీడన ఎప్పుడూ తడి ఆరని మూలలో దానిని నాటవచ్చా అనీ అడిగారు. నాటే ముందు అది ఏదో తప్పక తేల్చుకోండి. చేమ వేళ్ళు నీటిలో మునిగి ఉన్నా ఏపుగా పెరుగుతుంది, అలొకేసియా దుంప మాత్రం నీళ్ళు నిలిస్తే కుళ్ళిపోతుంది. ఆ తేడా తెలియక నేను ఒక మంచి మొక్కను పోగొట్టుకున్నాను. పల్లంలో చేమ పక్కనే పెట్టిన అలొకేసియా వానలు పట్టిన కొద్ది వారాలకే కాడలు వాల్చేస్తే, నీరు చాలలేదనుకొని ఇంకా పోశాను. తీరా తవ్వి చూసేసరికి దుంప మెత్తని గుజ్జయి, పట్టుకోగానే పై పొర ఊడివచ్చింది.

గుర్తుపట్టడానికి బాగా ముదిరిన ఆకును తిప్పి చూడండి. చేమలో కాడ ఆకు గంటు (ఆకు మొదట్లో రెండు చెంపల మధ్య ఉండే చీలిక) దగ్గర కాక, దానికి కొంత లోపలగా ఆకు వీపున అతుక్కొని ఉంటుంది, ఆకు మొన నేలవైపు వేలాడుతుంది. పెద్ద అలొకేసియాల్లో చాలావాటికి కాడ గంటు దగ్గరే కలుస్తుంది, మొన పైకి నిలుస్తుంది. లేత మొక్కలో ఈ గుర్తును నమ్మకండి, చాలా అలొకేసియాలకు చిన్నప్పుడు కాడ చేమలాగే లోపల కలుస్తుంది. అప్పుడు ఆకు మీద నీళ్ళు చిలకరించండి. చేమ అయితే తామరాకు మీది నీటిబొట్టులా జారిపోతాయి.

చేమ అని తేలితే మీ మూల దానికి సరైన చోటే. చివికిన ఎరువు బాగా కలిపి, మొక్కకూ మొక్కకూ 60 నుంచి 90 సెంటీమీటర్ల ఎడం ఉంచండి. అంచులు ఎండితే తడి తగ్గిందనో, మధ్యాహ్నపు ఎండ సూటిగా పడుతోందనో ముందుగా అనుమానించండి. అడుగు ఆకు ఒక్కటే పసుపుబారితే అది వయసు వల్లనే, కోసేస్తే సరిపోతుంది. కొన్ని రకాలు నేల మీద తీగలు పాకించి దూరంగా పిలకలు వేస్తాయి కాబట్టి వాగులకూ చెరువులకూ చేరువలో నాటవద్దు. అలొకేసియా అయితే అదే నీడలో, మట్టి ఎత్తుచేసి, నీరు దిగిపోయేలా పెట్టండి.

రెంటి రసంలోనూ కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి, చర్మానికి తగిలితే దురద పుడుతుంది. దుంపలు విడదీసేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి, పచ్చి ఆకును పిల్లలు నోట పెట్టకుండా చూసుకోండి.