డిగ్రీలో ఉండగానే జంతువుల ప్రవర్తన మీద పని మొదలుపెట్టొచ్చా?

బీఎస్సీ జువాలజీ రెండో సంవత్సరంలో ఉన్నానని, వెటర్నరీ సీటు రాలేదని, అయినా జంతువుల దగ్గరే ఉండి వాటి ప్రవర్తన మీద పరిశోధన చేయాలనుందని రాశారు. నిక్షేపంగా చేయొచ్చు. వెటర్నరీ డిగ్రీ కావలసింది వైద్యానికి.

పీజీ ప్రాజెక్టు కోసం నేను ఒక జూలో ఎలుగుబంట్లను గమనించాను. అక్కడ నాకు ఎక్కువ నేర్పింది యానిమల్ కీపరే. పొద్దున్నే ఆయనతో కలిసి మేత తూకం వేసేవాణ్ణి, నిన్నటిది ఎంత మిగిలిందో, పెంట ఎలా ఉందో చూసేవాణ్ణి. జంతువుకు ఒంట్లో బాగోకపోతే ముందు తెలిసేది అక్కడే. ఒక ఎలుగు గోడ వెంట ఒకే దారిలో అటూ ఇటూ తిరుగుతుండేది. టైముతో సహా రాస్తూ పోతే, మేత వేళ దగ్గరపడే కొద్దీ ఆ తిరుగుడు పెరుగుతోందని తేలింది. బోనుల్లో ఉండే జంతువుల్లో ఇది తరచూ కనిపిస్తుంది, స్టీరియోటైపీ అంటారు. దుంగకు రంధ్రాలు చేసి తేనె పూసి ఇస్తే చాలాసేపు దాంతోనే గడిపేది. అడవిలో పుట్టలు తవ్వి చెదల్ని పీల్చుకునే జంతువుకు తిండి పెడితే సరిపోదు, వెతుక్కునే పని కూడా ఇవ్వాలి.

మీరు ముందు ఇథోగ్రామ్ రాయండి, అంటే ఆ జంతువు చేసే పనుల పట్టిక. 'కోపంగా ఉంది' అని రాయకూడదు, అది మన ఊహ. 'పళ్లు చూపింది, మెడ మీద వెంట్రుకలు లేచాయి' అని రాయాలి. తర్వాత ఐదేసి నిమిషాలకు ఒకసారి ఏం చేస్తోందో నమోదు చేయండి. ఇలా గమనించి నమోదు చేసే పద్ధతులను జంతు ప్రవర్తన శాస్త్రవేత్త జీన్ ఆల్ట్‌మన్ 1974లో ఒక వ్యాసంలో వివరించారు, ఇప్పటికీ అందరూ అదే చదువుతారు.

కాలేజీ ఆవరణలోని వీధికుక్కలతోనే మొదలుపెట్టండి. కోల్‌కతాలోని ఐసర్ అనే కేంద్ర సైన్స్ విద్యా పరిశోధన సంస్థలో ప్రొఫెసర్ అనిందితా భద్ర బృందం ఏళ్లుగా వీధికుక్కల మీదే పరిశోధన చేస్తోంది. ముందుగా రేబిస్ టీకా వేయించుకోండి. వేయించుకున్నా, కరిస్తే సబ్బుతో బాగా కడిగి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. అడవి జంతువుల జోలికి అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్లొద్దు, 1972 వన్యప్రాణి చట్టం ఉంది.

జూలో చేయాలనుకుంటే హైదరాబాద్ నెహ్రూ జూ, విశాఖ ఇందిరాగాంధీ జూ, తిరుపతి ఎస్వీ జూ ఉన్నాయి. హెచ్‌వోడీ సంతకంతో, ఏ జంతువును ఏం గమనిస్తారో ఒక పేజీలో రాసి క్యూరేటర్‌కు ఇవ్వండి. అనుమతికి సమయం పట్టొచ్చు, వేసవి సెలవుల్లో చేయాలంటే సంక్రాంతికే పంపండి.