12 మంది, 14 రోజులు

చిన్నోడికి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న ఆదివారం నువ్వు వెళ్లిపోయాక చాలాసేపు నీ గురించే ఆలోచించాను. లాప్‌టాప్ తెరిచి నీ ప్రాజెక్టులన్నీ చూపించావు కదా, ఆరు ఫోల్డర్లు. నాలుగోది తెరిచి "ఇదెందుకు మొదలుపెట్టానో గుర్తు రావట్లేదు పెద్దమ్మా" అని నవ్వేశావు. నాకు నవ్వు రాలేదు. చివరి కమిట్ టైము, అంటే ఆఖరిసారి కోడ్ భద్రం చేసిన టైము చూశాను, రాత్రి 2:40. అంత నిద్ర మానుకుని చేసిన పని అది.

నీది బద్ధకమని ఎవరన్నా అంటే నేనొప్పుకోను. ఫోన్ పట్టుకుని కూర్చునే రకం కాదు నువ్వు. నిన్ను పక్కకు లాగుతున్నది కొత్త ప్రాజెక్టే. రీల్స్ చూస్తే టైమ్ పాడుచేశామని మనసుకైనా తెలుస్తుంది. కొత్త రిపో, అంటే కొత్త ప్రాజెక్టు కోడ్ ఫోల్డర్ తెరిస్తే కష్టపడుతున్నట్టే ఉంటుంది, అందుకే పక్కదారి పట్టామని మనసుకి తెలియదు.

ట్యాంకర్ యాప్ సంగతే తీసుకో. మా నిజాంపేట అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ నీళ్ల ట్యాంకర్ల లెక్క నోట్‌బుక్‌లో రాసుకోవడం, నెలాఖరుకి సెక్రటరీ గారికీ ట్యాంకర్ అతనికీ లెక్క కుదరక మాటా మాటా పెరగడం చూసి మొదలుపెట్టావు. ఫొటో తీయడం, ఎంట్రీ, నెల బిల్లు అన్నీ పనిచేస్తున్నాయి. ప్లే స్టోర్‌కి 25 డాలర్లు కూడా కట్టావు. అక్కడ ఆగిపోయింది. కొత్త పర్సనల్ అకౌంటు కాబట్టి, యాప్ అందరికీ వదిలేముందు దాన్ని ముందుగా వాడి చూసే టెస్టర్లు కనీసం 12 మంది వరసగా 14 రోజులు ఉండాలి. ప్రైవసీ పాలసీ రాయాలి, యాప్ ఏ సమాచారం తీసుకుంటుందో చెప్పే డేటా సేఫ్టీ ఫారం నింపాలి, స్క్రీన్‌షాట్లు పెట్టాలి. సరిగ్గా ఆ వారమే నీకు చాట్‌బాట్ ఐడియా వచ్చింది. విసుగు పుట్టే మెట్టు ఎదురైనప్పుడల్లా మనసు ఏదో ఒక కొత్తది తెచ్చి చేతిలో పెడుతుంది నాన్నా. ఆ ఆరూ ఎక్కడెక్కడ ఆగాయో చూసుకో. కోడ్ రాక ఆగింది ఒక్కటీ ఉండదు.

నేనూ ఇదే చేశాను. 2009లో మా వీధి చివర టైలర్ ఒకాయనకి కొలతలు దాచుకునే సాఫ్ట్‌వేర్ చేసిస్తానన్నాను. ఆయన సాయంత్రాలు కూర్చుని పుస్తకంలోంచి కొలతలు చదువుతుంటే నేను ఎక్కించాను. ఇక ప్రింటు తీసే భాగమే మిగిలింది. నేను ఇంకేదో నేర్చుకునే హడావుడిలో పడి వెళ్లడం మానేశాను. ఆర్నెల్ల తర్వాత బ్లౌజు కుట్టించుకోవడానికి వెళ్తే, అంచులు అరిగి దారంతో కట్టిన ఆ పాత పుస్తకంలోనే నా కొలతలు వెతికారు. ఒక్క మాట అనలేదు. ఆ దారం ముడి విప్పడం ఇప్పటికీ కళ్లకు కడుతుంది.

కాబట్టి ట్యాంకర్ యాప్ ఒక్కటే చేతిలో ఉంచుకో. మిగతా ఐదూ చెరిపేయమనను. ఒక్కోదాని రీడ్‌మీలో, అంటే ప్రాజెక్టు వివరాలు రాసే ఫైలులో, నాలుగు వాక్యాలు రాసి మూసెయ్: ఎవరికోసం, ఎంతదాకా వచ్చింది, ఎందుకు ఆగింది, మళ్లీ తెరిస్తే ముందు ఏం చేయాలి. కొత్త ఐడియా వస్తే తేదీ వేసి రాసుకో, నెల దాకా ముట్టుకోకు. చాలావాటి మీద ఆలోపే నీకు మోజు తగ్గిపోతుంది.

రోజూ పని ముగించి లేచేముందు రేపటి మొదటి పని ఒక్క లైను రాసిపెట్టు. "లాగిన్ సరిచేయాలి" అని రాస్తే లాభం లేదు. "ఓటీపీ తప్పు కొడితే ఖాళీ స్క్రీన్ వస్తోంది, అక్కడ మెసేజ్ పెట్టాలి" అని రాయి. అలా ఉంటే అరగంట దొరికినా పని జరుగుతుంది. లేకపోతే ఆ అరగంటా ఎక్కడున్నామో వెతుక్కోవడానికే సరిపోతుంది.

అమెరికా క్లయింట్ కాల్స్ అయ్యేసరికి రాత్రి పదకొండవుతుంది కదా, ఆ తర్వాత సొంత పని పెట్టుకోకు. పొద్దున్నే గంటసేపు కూర్చో. క్లయింట్ పని నిర్లక్ష్యం చేయకు, ఇంటద్దె దాని మీదే. నువ్వు సొంతంగా రాసే కోడ్ మీద హక్కులు ఎవరివని కాంట్రాక్టులో రాశారో కూడా ఒకసారి చదువు.

గంటతో ఏమవుతుందంటావేమో. స్వీడన్‌లో డానియెల్ స్టెన్‌బర్గ్ 1996లో కరెన్సీ రేట్లు నెట్ నుంచి తెచ్చుకోవడానికి ఒక చిన్న ప్రోగ్రాం పట్టుకుని దిద్దడం మొదలుపెట్టారు. 1998లో దానికి కర్ల్ అని పేరు పెట్టారు. ఏళ్ల తరబడి ఉద్యోగం చేసుకుంటూనే ఎక్కువగా ఖాళీ వేళల్లో నడిపారు, 2019లో గానీ పూర్తిగా దాని మీదికి రాలేదు. నెట్ నుంచి ఏదన్నా తెచ్చుకోవడానికి నువ్వు టెర్మినల్‌లో కొట్టే కమాండే అది.

టెస్టర్ల సంగతి. నేను, పెదనాన్న, సెక్రటరీ గారు, కింద ఫ్లోర్ టీచర్ గారు, వాచ్‌మన్, ఐదుగురం ఉన్నాం. మా జీమెయిల్ ఐడీలు వాట్సాప్‌లో పంపాను. మిగతావాళ్లను నువ్వు చూసుకో. 12 దగ్గర ఆగకు, 15 మందిని పెట్టుకో, మధ్యలో ఒకరిద్దరు వెళ్లిపోయినా టెన్షన్ ఉండదు. వాచ్‌మన్‌కి అంకెలు చిన్నగా కనిపిస్తున్నాయట, అతనికి పంపేలోపు అవి పెద్దవి చెయ్.

పెద్దమ్మ