బ్రాండు పేరు వాళ్లది, మాట నీది

అమ్మాయీ,

నీ షాపింగ్ వెబ్‌సైటులో తయారీ కంపెనీల బ్రాండులకు విడిగా పేజీలు పెడుతున్నానని, మొదటి పేజీలో లోగోలన్నీ వరసగా పేర్చానని రాశావు. సంతోషం. అయితే కొనేవాళ్లు లోగోలు చూడటానికి రారు. ఆ కంపెనీ సరుకు నీ దగ్గర ఏమేమి ఉంది, అది అసలైనదేనా, పాడైతే ఎవరిని అడగాలి అన్నవి తెలుసుకోవడానికి వస్తారు. బ్రాండు పేజీ వీటికి జవాబు చెప్పాలి. ఎంత అందంగా ఉన్నా, ఆ జవాబులు లేని పేజీ నాకు నచ్చదు.

ముందు అనుమతి సంగతి చూడు. సరుకు కొని అమ్ముతున్నంత మాత్రాన కంపెనీ లోగోలూ ఫొటోలూ ఇష్టం వచ్చినట్టు వాడుకునే హక్కు రాదు. పేరు చెప్పి అమ్మడం వేరు, అధీకృత డీలరన్న భావన కలిగించడం వేరు. తమ సరుకు ఎక్కడ, ఎలా కనిపించాలన్నది చాలా కంపెనీలకు అమ్మకమంత ముఖ్యం. పరిమళ ద్రవ్యాల కంపెనీ కోటీ కేసులో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2017 డిసెంబరులో తీర్పు ఇస్తూ, విలాస వస్తువుల తయారీదారు తాను ఎంచుకున్న డీలర్లను బయటివాళ్లు నడిపే మార్కెట్ వెబ్‌సైట్లలో బాహాటంగా అమ్మవద్దని కట్టడి చేయవచ్చని, అందుకు కొన్ని నియమాలు పాటించాలని చెప్పింది. అందుకే డీలరు ఒప్పందంలో ఆన్‌లైన్ అమ్మకం గురించి ఉన్న ప్రతి వాక్యమూ చదువు. ఫొటోల వాడకానికి అనుమతి రాతపూర్వకంగా తీసుకో.

రేపు బయటి అమ్మకందారులకు కూడా నీ వెబ్‌సైటులో చోటిస్తే ఇంకా జాగ్రత్త కావాలి. ఆన్‌లైన్ అంగడి ఈబేపై సౌందర్య సాధనాల కంపెనీ లోరియల్ వేసిన కేసులో అదే న్యాయస్థానం 2011లో ఒక విషయం తేల్చింది. అమ్మకందారుల సరుకును ఆకర్షణీయంగా చూపడంలోనో, ప్రచారం చేయడంలోనో తానే చురుకుగా పాలుపంచుకున్న వేదిక, ‘నేను చోటు మాత్రమే ఇచ్చాను’ అని బాధ్యత నుంచి చట్టం ఇచ్చే మినహాయింపు కోరడానికి వీల్లేదు. బ్రాండు పేజీ అంటేనే ప్రచారం. అందులోకి వచ్చే సరుకు ఎక్కడిదో బిల్లులు చూసి నిర్ధారించుకున్నాకే పెట్టు.

ఇక పేర్లు. కంపెనీ వేరు, బ్రాండు వేరు. టైడ్, జిలెట్, ప్యాంపర్స్ మూడూ ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్‌వే, కానీ కొనేవాళ్లు వెతికేది టైడ్ కోసం. పేజీ బ్రాండుకు పెట్టి, తయారీదారు పేరు కింద చెప్పు. ఒకే బ్రాండు పేరును ముగ్గురు ఉద్యోగులు మూడు రకాలుగా టైపు చేస్తే ఫిల్టర్‌లో మూడు బ్రాండులు కనిపిస్తాయి, సగం సరుకు ఎవరి కంటా పడదు. పేర్ల జాబితా ఒక్కటే ఉంచి, అందులోంచి ఎంచుకోవడమే తప్ప టైపు చేయడానికి వీలు లేకుండా చేయించు. బార్‌కోడు కింద ఉండే అంకెలను కూడా నమోదు చేయించు. 8, 12, 13 లేదా 14 అంకెలుంటాయి. వాటిని సంఖ్యగా కాక అక్షరాలుగా భద్రపరచాలి, లేకపోతే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. ఆ అంకెలు, బ్రాండు పేరు, మోడల్ నంబరు పేజీలో సెర్చ్ ఇంజిన్లు చదవగలిగే పద్ధతిలో ఉండాలి. ఇందుకోసమే 2011 నుంచి స్కీమా డాట్ ఆర్గ్ అనే ఉమ్మడి పదజాలం, అంటే పేజీలో ఏది బ్రాండో ఏది మోడలో సెర్చ్ ఇంజిన్లకు తెలిపే గుర్తుల జాబితా, ఉంది, నీ ప్రోగ్రామర్‌కు తెలిసే ఉంటుంది.

లోగో ఫైలు కంపెనీ నుంచే తెప్పించుకో. సాగదీయవద్దు, రంగు మార్చవద్దు. బ్యానర్ బొమ్మలోనే అక్షరాలు చెక్కేస్తే చూపు లేనివారికి తెర మీది మాటలు చదివి వినిపించే ఫోను వాటిని సరిగా చదవలేదు, కాబట్టి ముఖ్యమైన మాట బొమ్మ బయట కూడా ఉండాలి.

నేను గట్టిగా పట్టుబట్టేది రాత విషయంలో. కంపెనీ పంపిన వర్ణన అన్ని దుకాణాలకూ అదే వెళుతుంది. అక్షరం మారకుండా అందరూ పెడితే సెర్చ్‌లో నీ పేజీకే చోటు దొరుకుతుందన్న నమ్మకం లేదు, చదివేవాళ్లకు నీ దగ్గర కొత్తగా తెలిసేదీ లేదు. దాన్ని ‘తయారీదారు మాట’ అన్న శీర్షిక కింద ఉంచు. దానికి పైన నీ మాట రాయి. ఈ బ్రాండు ఎవరికి సరిపోతుంది, ఎవరికి సరిపోదు, విడిభాగాలు సులువుగా దొరుకుతాయా, కొలతలు పెట్టె మీద ఉన్నట్టే ఉన్నాయా, వారంటీ కంపెనీదా నీదా అన్నవి చెప్పు. ‘సరిపోదు’ అని రాయడానికి కంపెనీ ప్రతినిధి అభ్యంతరం చెబుతారు. మర్యాదగా విను, సమాచారం తప్పైతే సరిదిద్దు, నిజమైతే తీయకు. తప్పు సరుకు కొని తిప్పి పంపేవాళ్లు తగ్గితే ఆ కంపెనీకీ లాభమే.

డబ్బు తీసుకుని ఒక బ్రాండును పైన చూపిస్తే అక్కడే ‘ప్రకటన’ అని కనబడేలా రాయి. చిన్న అక్షరాల్లో మూలకు నెట్టవద్దు. ‘మా ఎంపిక’ అన్న చోటును మాత్రం ఎంత ఇస్తామన్నా అమ్మకు. కొనుగోలుదారుల అభిప్రాయాలు కంపెనీకి చేదుగా ఉన్నాయని తొలగించకు, వాటి కింద జవాబు రాసే వీలు కంపెనీకి ఇవ్వు.

ఒక బ్రాండుతో ఒప్పందం ముగిసినప్పుడు పేజీని ఒక్కసారిగా తీసేయకు. అమ్మకం ఆగిందని పైన రాసి, వాడుక పుస్తకం, సర్వీసు వివరాలు, విడిభాగాలు దొరికే చోటు అక్కడే ఉంచు. నీ దగ్గర కొన్నవాళ్లు వాటి కోసం ఇంకా చాలాకాలం వస్తారు. అందుకు కంపెనీ అనుమతి ఒప్పందం రాసుకునే రోజునే అడుగు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న