తుప్పు పట్టిన స్పానర్లు, బిగుసుకుపోయిన కటింగ్ ప్లేయర్: రుద్దడం కన్నా నానబెట్టడమే మేలు

ఎమెరీ పేపర్‌తో రుద్దితే స్పానర్ల మీద గీతలు పడుతున్నాయి, ప్లేయర్ మాత్రం తెరుచుకోవడం లేదు అని రాశారు. ముందు ఆ రుద్దడం ఆపేయండి. ఆ కాగితం తుప్పుతో పాటు మంచి ఇనుమునూ గీసేస్తుంది, జాయింట్ సందుల్లోకి మాత్రం వెళ్లదు. పాత పనిముట్లు బాగుచేసుకోవడం నాకు ఎప్పటినుంచో అలవాటు. ఇలాంటి వాటికి నేను వాడేది నిమ్మ ఉప్పు, అదే సిట్రిక్ యాసిడ్. వెనిగర్‌తోనూ పని అవుతుంది కానీ ఆలస్యం, పైగా ఘాటు వాసన.

జిడ్డు ఉన్నచోట తుప్పు వదలదు కాబట్టి ముందు సబ్బుతో బాగా కడగండి. ప్లాస్టిక్ డబ్బాలో లీటరు గోరువెచ్చని నీళ్లకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, వస్తువు పూర్తిగా మునిగేలా వేయండి. సగం బయట ఉంటే నీటి అంచు దగ్గర గీతలా మచ్చ పడుతుంది. గంటకోసారి తీసి పాత టూత్‌బ్రష్‌తో తోమండి. మామూలు తుప్పు కొన్ని గంటల్లో వదులుతుంది. శుభ్రమయ్యాక ఇంకా ఉంచితే యాసిడ్ ఇనుమునే తినడం మొదలుపెడుతుంది, అందుకే మర్చిపోయి వదిలేయకండి. పైన నల్లటి మసి కనిపిస్తే కంగారు వద్దు, తోమితే పోతుంది.

చాలామంది దెబ్బతినేది ఆ తర్వాతే. తుప్పు వదిలిన ఇనుము తడిగా ఉంటే చూస్తుండగానే నారింజ రంగుకు తిరుగుతుంది. అందుకే వంట సోడా కలిపిన నీళ్లు, పొడి గుడ్డ, హెయిర్ డ్రయర్, మెషిన్ ఆయిల్ అన్నీ ముందే పక్కన పెట్టుకోండి. బయటకు తీయగానే సోడా నీళ్లలో ముంచి, కడిగి, తుడిచి, వేడిగాలితో ఆరబెట్టి, వెచ్చగా ఉండగానే నూనె రాయండి. ప్లేయర్ జాయింట్‌లో నాలుగు చుక్కలు వేసి మెల్లగా కదిలిస్తే సందుల్లోంచి ఎర్రటి మురికి ఊరుతుంది. తుడవండి, మళ్లీ వేయండి, నూనె తేటగా వచ్చేదాకా వదలకండి.

గట్టి స్ప్రింగులను యాసిడ్‌లో వేయకండి, హైడ్రోజన్ లోపలికి చేరి పెళుసుగా మారి విరగొచ్చు. జింకు పూత ఉన్నవీ వద్దు, పూత కరిగిపోతుంది. ఇందులో బ్లీచ్ అస్సలు కలపకండి, క్లోరిన్ విషవాయువు వస్తుంది.

బ్యాటరీ ఛార్జర్, వాషింగ్ సోడాతో కరెంటు పద్ధతి కూడా ఉంది. పెద్ద వస్తువులకు చాలా బాగుంటుంది. కానీ అందులో హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయటే చేయాలి, ఛార్జర్ ఒక కొసకు తుప్పు వస్తువును తగిలించాక రెండో కొసకు స్టెయిన్‌లెస్ స్టీల్ తగిలిస్తే విషపూరితమైన క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. మీ స్పానర్లకు అంత అవసరం లేదు.