విందు శాల అంటే తినడానికి, తాగడానికేనా?

"పాతకాలపు జర్మానిక్ తెగల (ఉత్తర ఐరోపాలో జర్మనీ, నార్వే, ఇంగ్లండ్ వైపు బతికిన జనాల) నాయకులు విందుల కోసం అంత పెద్ద శాలలు ఎందుకు కట్టుకున్నారు, మామూలు ఇల్లు సరిపోదా?" అని అడిగారు. నాకూ ఈ సందేహం చాలాకాలం ఉండేది. నార్వేలో ఉద్యోగం చేసే రోజుల్లో ఒక వేసవిలో లోఫోటెన్ దీవుల్లోని బోర్గ్‌కి వెళ్లాక తీరింది.

అక్కడ 1980లలో జరిగిన తవ్వకాల్లో ఒక నాయకుడి ఇంటి పునాదులు బయటపడ్డాయి. పొడవు 83 మీటర్లు! ఆ చోటు పక్కనే అలాంటి ఇల్లే కట్టి 1995లో మ్యూజియంగా తెరిచారు. మనుషుల గదులు, విందు శాల, పశువుల కొట్టం అన్నీ ఒకే కప్పు కింద ఉండేవి.

నేను వెళ్లినప్పుడు బయట మంచి ఎండ. లోపల అడుగు పెట్టగానే ఏమీ కనిపించలేదు. తారు వాసన, పొగ వాసన. కళ్లు అలవాటు పడ్డాక చెక్క స్తంభాలు, నేల మీద మంట కనిపించాయి. వెలుగైనా వెచ్చదనమైనా ఆ మంట దగ్గరే. అలాంటి చోట ఎవరు ఎక్కడ కూర్చున్నారన్నది చిన్న విషయం కాదు. నాయకుడికి ఎంత దగ్గరగా కూర్చోబెడితే అంత గౌరవం, అదీ అందరి కళ్లముందు.

విందులో తాగే పాత్ర చేతులు మారే వరసకూ అంతే విలువ. పాత ఇంగ్లిష్ కావ్యం 'బేవుల్ఫ్'లో రాణి స్వయంగా మీడ్ (తేనెతో చేసే మద్యం) పాత్ర తెచ్చి ముందు రాజుకిస్తుంది, ఆ తర్వాతే మిగతా వీరులకు. ఆ పాత్ర అందుకున్నవాడు రేపు యుద్ధంలో రాజు పక్కన నిలబడాలి. మనం ఉప్పు తిన్న విశ్వాసం అంటామే, అదే. ఇంగ్లిష్‌లో 'లార్డ్' అన్న మాట కూడా 'హ్లాఫోర్డ్' నుంచి వచ్చింది. అంటే రొట్టెను కాపాడేవాడు. 'లేడీ' అంటే మొదట్లో రొట్టెపిండి పిసికే ఆమె. నాకు ఈ రెండు మాటలు ఎంతో ఇష్టం.

బోర్గ్‌లో దూరదేశాల నుంచి తెప్పించిన గాజు పాత్రల ముక్కలు దొరికాయి. ఒక ఆడ, ఒక మగ బొమ్మ అచ్చు వేసిన, గోరంత బంగారు రేకులు కూడా. వీటికి పూజలతో సంబంధం ఉందని చాలామంది పండితులు అనుకుంటారు. అంటే భోజనం, భక్తి, పరపతి అన్నీ అక్కడే.

రాజకీయం కూడా. క్రీ.శ. 98లో రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాసిందాని ప్రకారం, ఈ జర్మానిక్ తెగలవాళ్లు యుద్ధం, సంధి, పెళ్లి సంబంధాల గురించి విందులోనే మాట్లాడుకుని, మత్తు దిగాక మర్నాడు మళ్లీ ఆలోచించి నిర్ణయించేవారు. తాగినప్పుడు మనసులో మాట దాచుకోలేరు కాబట్టి చర్చకు అదే మంచి సమయమట.

మీరు బోర్గ్ వెళితే తొందరగా చూసేసి వచ్చేయకండి. నేను గోడవారన ఉన్న బల్ల మీద చాలాసేపు కూర్చున్నాను. మంటకు దగ్గరగా ఉన్నవాళ్ల ముఖాలు మాత్రమే స్పష్టంగా కనిపించాయి.